నా అభిమానమంతా బ్రేకు మీదే

నేను పాతికేళ్లకు పైగా ఫార్ములా వన్ కార్ల రేసులు చూస్తున్నానని తెలిసిన బంధువులు నా కారెక్కడానికి కొంచెం వెనకాడతారు. ఆ మధ్య విజయవాడ నుంచి గుంటూరులో ఒక పెళ్లికి బయలుదేరుతుంటే మా పిన్ని గుమ్మంలోనే ఆగిపోయి, "బండి నువ్వే నడుపుతున్నావా నాన్నా? అయితే మేం బస్సులో వచ్చేస్తాంలే" అంది. ఆ మాట ఆమె వేళాకోళానికి అనలేదు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు టీవీ ముందు కూర్చుని, గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోయే కార్లను రెప్ప వాల్చకుండా చూసేవాడు, వారధి దాటి హైవే ఎక్కగానే తానూ అదే పని చేస్తాడని ఆమె నిజంగానే నమ్ముతుంది. ఆఫీసులో తోటివారిదీ, అపార్టుమెంటులో ఇరుగుపొరుగుదీ ఇదే నమ్మకం. రేసుల అభిమాని అంటే వేగం పిచ్చి పట్టినవాడని మన ఊళ్లో ఒక లెక్క స్థిరపడిపోయింది. ఆ లెక్కతో నాకు పేచీ ఉంది. ఆక్సిలరేటరు ఎవరైనా తొక్కగలరు. రేసు గెలవడం, ఓడడం, బతికి బయటపడడం బ్రేకు దగ్గర తేలుతుంది. ఇన్నేళ్లుగా నేను కూర్చుని చూస్తున్నది దాన్నే.

ఈ అభిమానం నాకు అంటుకున్నది కూడా ఒక బ్రేకు చెడిపోవడం వల్లనే. 1999 జులైలో, నాకు పన్నెండేళ్లప్పుడు, కేబుల్ టీవీలో ఛానళ్లు తిప్పుతూ సిల్వర్‌స్టోన్‌లో జరుగుతున్న బ్రిటిష్ గ్రాండ్ ప్రి దగ్గర ఆగాను. మొదటి ల్యాపులోనే, అంటే ట్రాకు చుట్టూ మొదటి చుట్టులోనే, ఒక ఎర్ర కారు మలుపు తిరగకుండా, కంకర మీదుగా నేరుగా పోయి టైర్ల గోడను గుద్దుకుంది. అది మైఖేల్ షూమాకర్ నడుపుతున్న ఫెరారీ అనీ, వెనక బ్రేకులు పని చేయకపోవడం వల్ల అలా జరిగిందనీ, అతని కాలు విరిగిందనీ మర్నాడు తెలిసింది. ఆ తరువాత ఆరు రేసులకు అతను రాలేకపోయాడు. అప్పటికి నాకు తెలిసిన బ్రేకు సైకిలు బ్రేకు ఒక్కటే. అంత గొప్ప కారుకు, అంత గొప్ప డ్రైవరుకు కూడా ఆగడమన్నది చేతిలో లేకుండా పోయే క్షణం ఒకటి ఉంటుందన్న సంగతి ఆ పన్నెండేళ్లవాణ్ణి వదల్లేదు.

ఆగడంలో చూడవలసినంత ఏముంటుందని అడిగేవారికి ఇటలీలోని మోంజా సర్క్యూట్‌లో వచ్చే మొదటి మలుపు గురించి చెబుతాను. కారు అక్కడికి సుమారు 340 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. దాదాపు 130 మీటర్ల దూరంలో, రెండున్నర సెకన్లకు అటూ ఇటూగా, ఆ వేగం 90 లోపుకు దిగాలి. డ్రైవరు వంద కిలోలకు మించిన బలంతో పెడల్ తొక్కుతాడు. ఆ క్షణంలో అతని తల, మెడ, ఛాతీ వాటి మామూలు బరువుకు నాలుగైదు రెట్లు బరువెక్కి ముందుకు లాక్కుపోతాయి. చక్రాలతో పాటు తిరుగుతూ బ్రేకు పట్టుకు ఆగే కార్బన్ డిస్కులు వెయ్యి డిగ్రీల దాకా వేడెక్కి కొలిమిలో ఇనుములా ఎర్రబడతాయి. విచిత్రమేమంటే అవే డిస్కులు చల్లగా ఉంటే సరిగా పట్టవు, అందుకే రేసు మొదలయ్యే ముందు తిరిగే ల్యాపులో డ్రైవర్లు అవసరం లేకపోయినా పదే పదే బ్రేకు వేసి వాటిని కాచుకుంటారు. పైగా వేగం తగ్గేకొద్దీ గాలి కారును నేలకు అదిమిపెట్టే బలం కూడా తగ్గిపోతుంది కాబట్టి, మొదట ఉన్న బలమంతా పెట్టి తొక్కిన పెడల్‌ను ఆ రెండున్నర సెకన్లలోనే కొద్దికొద్దిగా వదులుతూ రావాలి. లేకపోతే చక్రాలు బిగుసుకుపోయి బండి జారుతుంది. ఐదు మీటర్లు ఆలస్యంగా తొక్కినవాడు ముందున్నవాణ్ణి దాటుతాడు, పదిహేను మీటర్లు ఆలస్యమైనవాడు మలుపునే దాటిపోతాడు.

చక్రాలు బిగుసుకోకుండా చూసే పనిని మన కార్లలో ఏబీఎస్ చేస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. ఫార్ములా వన్‌లో మాత్రం 1994 నుంచి దాన్ని నిషేధించారు. అంటే మా పిన్ని ఎక్కడానికి భయపడిన నా చిన్న కారులో ఉన్న రక్షణ లూయిస్ హామిల్టన్ నడిపే కారులో లేదు. ఏడుసార్లు ఛాంపియన్ అయిన ఆ హామిల్టన్ 2021లో అజర్‌బైజాన్‌లోని బాకూ రేసులో, ఇంకా రెండు ల్యాపులే మిగిలి ఉండగా, స్టీరింగ్ మీదున్న ఒక మీటను పొరపాటున తాకాడు. టైర్లను, బ్రేకులను వేడి చేసుకోవడానికి బ్రేకు బలాన్ని దాదాపుగా ముందు చక్రాలకే మళ్లించే మీట అది. మొదటి మలుపు దగ్గర ముందు చక్రాలు బిగుసుకుని, పొగ చిమ్ముకుంటూ నేరుగా వెళ్లిపోయాడు. గెలుపు అందుకోబోతున్నవాడు పదిహేనో స్థానంలో ముగించాడు. మా ఇంట్లో ఆ సాయంత్రం నేను పెట్టిన కేకకు వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

బ్రేకును పొగుడుతూ కూర్చున్నవాణ్ణి కాబట్టి, నా వాదానికి ఇబ్బంది కలిగించే ఒక సంగతిని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1953లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసును నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సీ-టైప్ గెలిచింది. అప్పటిదాకా దాదాపు రేసు కార్లన్నిటికీ మన లారీలకున్నట్టు డ్రమ్ము బ్రేకులే ఉండేవి, అంటే చక్రంతో తిరిగే గిన్నెలాంటి డ్రమ్ముకు లోపలి నుంచి షూలు ఒరుసుకుని ఆపేవి. డ్రమ్ములో పుట్టిన వేడి అందులోనే ఉడుకుతుంది, డిస్కు గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి చల్లారుతుంది. గంటల తరబడి సాగే రేసులో ఆ తేడా లెక్కకు వస్తుంది. తరువాత రెండేళ్లకు, 1955లో, అదే రేసుకు మెర్సిడెస్ బెంజ్ వారు డ్రమ్ము బ్రేకులతోనే వచ్చారు. ఆ కొరత తీర్చుకోవడానికి డ్రైవరు వెనక ఒక పెద్ద రేకును అమర్చి, బ్రేకు వేసేటప్పుడు అది పైకి లేచి గాలికి అడ్డుపడేలా చేశారు. ఆ సాయంత్రం మైక్ హాథార్న్ తన జాగ్వార్‌ను పిట్‌లోకి, అంటే పెట్రోలుకూ టైర్లకూ ఆగే చోటికి, తిప్పబోయి బ్రేకు వేశాడు. వెనక వస్తున్న ఆస్టిన్ హీలీ కారు అతన్ని తప్పించడానికి పక్కకు తిరిగింది. దాని వెనక మహావేగంతో వస్తున్న పియర్ లెవెగ్ మెర్సిడెస్ దాన్ని ఎక్కి గాల్లోకి లేచి, కట్ట మీద పడి ముక్కలై జనంలోకి దూసుకుపోయింది. లెవెగ్‌తో పాటు ప్రేక్షకులు ఎనభై మందికి పైగా చనిపోయారు. స్విట్జర్లాండ్ తన దేశంలో సర్క్యూట్ రేసులనే నిషేధించింది. మెర్సిడెస్ ఆ ఏడాది చివర రేసుల నుంచి తప్పుకుని కొన్ని దశాబ్దాల దాకా తిరిగి రాలేదు. మన ఊరి నడిబొడ్డున ఉన్న కూడలికి ఆ బండి పేరే ఉంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవరు కింద ఎర్రదీపం పడి ఆగినప్పుడు, ఆ పేరు వెనక ఇంత కథ ఉందని ఎవరికీ తట్టనక్కర్లేదు గాని, నాకు మాత్రం తట్టక మానదు.

ఆ ప్రమాదానికి తప్పు ఎవరిదన్న చర్చ ఈనాటికీ తెగలేదు, నేను తెంచగలిగేదీ కాదు. నాకు అందులోంచి పనికొచ్చింది ఒక్కటే: ఆగడం ఒక్కడి వ్యవహారం కాదు, వెనకున్నవాడు కూడా ఆగగలిగితేనే నేను ఆగినట్టు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే ఆరు వరసల హైవే మీద నా కారు బ్రేకు తొక్కాక కొద్ది దూరంలోనే నిలబడుతుంది. నా వెనక పాతిక టన్నుల ఇసుకతో వస్తున్న లారీ నిలబడదు. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక బండి వెళ్లే దూరం నాలుగు రెట్లవుతుంది. 60 వేగంలో ఇరవై మీటర్లలో ఆగే కారుకు 120 వేగంలో ఎనభై మీటర్లు కావాలి, అదీ రోడ్డు పొడిగా ఉండి, టైర్లు మంచివైతే. ఈ లెక్క బడిలో చదువుకున్నాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది నిజమని నాకు నేర్పింది మాత్రం వేల గంటల రేసులు. ముందు బండికి నాకూ మధ్య ఖాళీ వదిలితే అందులోకి ఆటో దూరుతుందని అందరూ అంటారు, దూరుతుంది కూడా; దూరిన ఆటో కోసం మళ్లీ కొంచెం వెనక్కి తగ్గుతాను. మా పిన్ని చివరికి ఆ పెళ్లికి నా కారులోనే వచ్చింది. మంగళగిరి దాటకముందే, "ఇంత నెమ్మదిగా పోతే తలంబ్రాలకైనా అందుకుంటామా?" అని విసుక్కుంది.

నేను పుట్టుకతోనే ఇంత బుద్ధిమంతుణ్ణని అనుకోవద్దు. డ్రైవింగ్ నేర్చిన కొత్తలో, శ్రీశైలం నుంచి కుటుంబంతో తిరిగి వస్తూ, దోర్నాల వైపు దిగే ఘాట్‌లో ఒక బస్సును వెంటాడాను. నాకు టీవీలో చూసిన మలుపులన్నీ తెలుసు, ఏ డ్రైవరు ఎక్కడ బ్రేకు వేస్తాడో తెలుసు. నా కారులో బ్రేకు ఆయిల్ మార్చి ఎన్నేళ్లయిందో మాత్రం తెలియదు. అల్లాయ్ చక్రాలకు, సీటు కవర్లకు డబ్బు పెట్టాను గాని ఆ సంగతి ఎప్పుడూ అడిగి ఎరగను. పదో పన్నెండో మలుపు దగ్గర పెడల్ కింద ఏదో తేడా తగిలింది, తడిసిన దిండును తొక్కినట్టు. తరువాతి మలుపులో పాదం నేల దాకా పోయింది. గబగబా నాలుగైదుసార్లు పంపు చేసి, రెండో గేరులోకి దింపి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎడమవైపు కొండ అంచుకు రాసుకుంటూ ఎలాగో నిలిపాను. కారు దిగితే చక్రాల దగ్గర నుంచి కాలిన లైనర్ల, అంటే బ్రేకులో డ్రమ్ముకు ఒరుసుకునే పొరల, కంపు ముక్కుపుటాలు మండేలా కొట్టింది. వెనక సీటులో అమ్మ మల్లన్న పేరు తలుచుకుంటూ కళ్లు మూసుకుని ఉంది.

నేను సీసాలో నీళ్లు తీసి చక్రాల మీద పోయబోతుంటే, ఎదురుగా ఎక్కుతున్న లారీ ఆపి డ్రైవరు అరిచాడు. "నీళ్లు పోయకు బాబూ, డ్రమ్ము పగులుద్ది. అరగంట కూర్చో, అదే చల్లారుద్ది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలని ఎవరూ చెప్పలేదా?" నిజానికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన రేసులు కూడా ఆ మాట చెప్పలేదు, ఎందుకంటే రేసు కారు గంటన్నర తిరిగాక దాని బ్రేకులన్నీ విప్పి చూసే మనుషులు అక్కడ ఉంటారు, నా వెనక ఎవరూ లేరు.

విజయవాడ వచ్చిన మర్నాడు కారును ఆటోనగర్ తీసుకెళ్లాను. 1960లలో ఊరి బయట వెలిసిన ఆటోనగర్ ఇప్పుడు ఊరి మధ్యకు వచ్చేసింది గాని, దాని తీరు మారలేదు: ఒక వీధిలో లారీ బాడీలకు చెక్క కోసే రంపాలు, ఒక వీధిలో స్ప్రింగు పట్టాలు కొట్టే కొలుములు, ఒక వీధి నిండా పాత ఇంజిన్లు. అక్కడ ముప్పై ఏళ్లుగా బ్రేకు పని ఒక్కటే చేస్తున్న ఒక మేస్త్రీ గారి షెడ్డు ఉంది. ఆయన మాస్టర్ సిలిండరు మూత తీసి, లోపలి ఆయిల్‌ను వేలితో అద్ది నాకు చూపించాడు. తేనె రంగులో ఉండవలసింది కాఫీ డికాషన్‌లా ఉంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊళ్లో తేమకు కొదవ లేదు. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే అది అణగకుండా బలాన్ని చక్రానికి చేరుస్తుంది, ఆవిరి మాత్రం అణిగిపోతుంది; నా పాదానికి తగిలిన తడిదిండు అదే. రెండేళ్లకోసారి కొన్ని వందల రూపాయలతో అయిపోయే పని అది.

"బండి కదలకపోతే నలుగురు కలిసి తోసుకుపోవచ్చు. ఆగకపోతే ఏం చేస్తారు బాబూ?" అన్నాడు మేస్త్రీ గారు. అప్పటి నుంచి నెలకో రెండు నెలలకో ఏదో వంకతో ఆ షెడ్డుకు పోతుంటాను. లారీ బ్రేకు షూల మీద అరిగిన లైనరును ఉలితో, సుత్తితో ఊడగొట్టి కొత్తది బిగించేటప్పుడు, ప్రతి రివెట్టు తల లైనరు పైపొర కన్నా లోతుకు దిగిందో లేదో ఆయన బొటనవేలి గోరుతో చూస్తాడు. ఒక్క తల పైకి ఉన్నా అది డ్రమ్మును గీరేస్తుంది. గాడులు పడిన డ్రమ్మును లేత్ మీద కోస్తుంటే పోత ఇనుము చుట్టలు చుట్టుకోదు, బూడిద రంగు రవ్వలా రాలుతుంది. కోత అయ్యాక డ్రమ్ము లోపల వేలు తిప్పుతూ కళ్లు మూసుకుంటాడు. ఫార్ములా వన్ గ్యారేజీల్లో ఆ కొలతకు పరికరాలుంటాయి. పని అదే.

రేసులు చూసి కుర్రాళ్లు చెడిపోతున్నారన్న ఆరోపణకు జవాబు చెప్పకుండా తప్పించుకోలేను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్పింది; అందులో నూటికి డెబ్బై మందికి పైగా అతివేగం ఖాతాలోకే వెళ్లారు. అర్ధరాత్రి బందరు రోడ్డు మీద సైలెన్సరు విప్పేసిన బైకుల మీద వంగి దూసుకుపోయే పిల్లల మోత మా బాల్కనీ దాకా వినిపిస్తుంది. రోడ్డు మీద పందేలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, అది నేరంగానే ఉండాలి. వాళ్లలో కొందరు నాలాగే ఆదివారం రేసు చూసేవాళ్లు అయ్యుండవచ్చన్నది కూడా కాదనను. ఘాట్‌లో బస్సు వెంట పడినవాణ్ణి నేను వాళ్లను దూరంగా పెట్టి మాట్లాడలేను. కాని వాళ్లు ఒక్కసారి నిజమైన ట్రాకు పక్కన నిలబడితే బాగుండును అనిపిస్తుంది. మాకు అందుబాటులో ఉన్నది చెన్నై దాటాక శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకు, ఇక్కడి నుంచి నాలుగు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు. అంతకుముందు చెన్నై రేసులన్నీ షోళవరంలో యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద జరిగేవి. 1990లో ఈ ట్రాకు వచ్చింది. ముగ్గురు మిత్రులతో కలిసి వెళ్లి అక్కడ ఒక మలుపు దగ్గర రోజంతా కూర్చున్నాను. మారుతీ ఇంజిన్లు బిగించిన చిన్న ఫార్ములా కార్లవి, ఆటోనగర్‌లో ముక్కలుగా చూసిన ఇంజిన్లే. మలుపుకు ముందు వరసగా దూరాలు రాసిన పలకలు ఉంటాయి. కళ్లు మూసుకుని వింటే ఒక్కో డ్రైవరు ఇంజిను హోరు ఏ పలక దగ్గర తెగిపోతుందో తెలిసిపోతుంది. వేగంగా ఉన్నవాళ్ల హోరు ప్రతి ల్యాపులోనూ ఒకే చోట తెగేది. తడబడేవాళ్లది ఒకసారి ముందు, ఒకసారి వెనక. మలుపు బయట కంకర, జెండాలు పట్టుకున్న మార్షల్స్, ఇంజిను ఆపకుండా నిలబెట్టిన అంబులెన్సు. బందరు రోడ్డు మీద ఇవేవీ లేవు, పలక ఉండవలసిన చోట ఇడ్లీ బండి ఉంటుంది.

రేసు మన దగ్గరకే వచ్చిన రోజు కూడా ఒకటి ఉంది. గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 వరకు మూడు ఫార్ములా వన్ రేసులు జరిగి, మూడూ సెబాస్టియన్ వెటెలే గెలిచి, ఇది ఆటా వినోదమా అన్న పన్నుల తగవుల మధ్య ఆగిపోయాక, మళ్లీ దేశానికి ఒక ప్రపంచ ఛాంపియన్‌షిప్ కార్ల రేసు వచ్చింది హైదరాబాదుకే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ‘ఫార్ములా-ఈ’ రేసు జరిగితే తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లాను. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, చివరి ల్యాపుల్లో నిక్ క్యాసిడీ అతని వెనకనే అంటిపెట్టుకుని ఉన్నా దాటనివ్వలేదు. మరుసటి ఏడాది జరగవలసిన రేసు రద్దయింది, ఆ బాధ వేరే. రేసు చూసి వచ్చిన మర్నాడు మేస్త్రీ గారికి చెప్పిన సంగతి ఏమిటంటే, ఆ కార్లకు వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు. ఆపవలసి వచ్చినప్పుడు మోటారే డైనమోలా మారి, చక్రాన్ని పట్టి లాగి, ఆ బలాన్ని కరెంటుగా బ్యాటరీకి పంపుతుంది. రేసులో ఖర్చయ్యే కరెంటులో నలభై శాతానికి పైగా అలా తిరిగి వచ్చేదే.

ఆయన చేతిలో ఉన్న షూను బల్ల మీద పెట్టి, "లైనరు లేదు, డ్రమ్ము లేదు?" అని అడిగాడు. వెనక లేవన్నాను. "మరి బ్యాటరీ నిండిపోయి ఉంటే ఆ కరెంటు ఎటు పోవాలి? అప్పుడు ఎలా ఆగుద్ది?" అన్నాడు. ఆ కార్లను తయారు చేసేవాళ్లు తలలు పట్టుకునే ప్రశ్న అదే. ముందు చక్రాలకు మామూలు బ్రేకులు ఉన్నాయని మాత్రం చెప్పగలిగాను. ఆయన తృప్తి పడలేదు. ఇంతలో కుర్రాడు కొత్త లైనర్లు వేసిన లారీని స్టార్ట్ చేస్తే, ఆయనే ఎక్కి ఖాళీ వీధిలో వంద గజాలు తోలి, ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. దిగి వెనక్కి నడిచి, రోడ్డు మీద టైర్లు వేసిన నల్లటి చారల పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎడమ చార కుడిదాని కన్నా జానెడు పొట్టిగా ఉంది. "లోపలికి పెట్టరా, మళ్లీ విప్పాలి" అన్నాడు.